జానీ క్యాష్: ఒక్క రోజు కూడా జైలుశిక్ష అనుభవించలేదు.. అయినా ఖైదీలు తమవాడే అనుకున్నారు!

'లోగన్' సినిమా మొదటి ట్రైలర్ గుర్తుందా? నెరిసిన గడ్డంతో, అలసిపోయిన మొహంతో హ్యూ జాక్‌మన్ కనిపిస్తుంటే వెనకాల ఓ ముసలి గొంతు మెల్లగా పాడుతూ ఉంటుంది. ఆ గొంతు జానీ క్యాష్‌ది. 2016లో ఆ ట్రైలర్ వచ్చేసరికే అతను చనిపోయి 13 ఏళ్లు.

ఇంతకీ ఎవరీ జానీ క్యాష్? అమెరికా కంట్రీ మ్యూజిక్‌లో అతనిది చాలా పెద్ద పేరు. పాట రాస్తాడు, పాడతాడు, సినిమాల్లో నటించాడు, టీవీ షో నడిపాడు. ఎప్పుడూ నల్ల బట్టలే. గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. అతను ఒకప్పుడు పెద్ద నేరం చేసి జైల్లో ఏళ్లకేళ్లు గడిపాడని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ అది నిజం కాదు. తాగి, మాత్రలు మింగి పట్టుబడి కొన్ని రాత్రులు లాకప్‌లో ఉన్నాడంతే. శిక్ష మాత్రం ఒక్క రోజు కూడా అనుభవించలేదు.

మరి ఖైదీలకీ ఇతనికీ ఏంటి సంబంధం? దానికి సమాధానం జైల్లో దొరకదు. ఒక పత్తి చేలో దొరుకుతుంది.

పత్తి చేలో పెరిగిన జె.ఆర్.

1932 ఫిబ్రవరి 26న అర్కాన్సా రాష్ట్రంలోని కింగ్స్‌ల్యాండ్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు జె.ఆర్. అంతే, ఆ అక్షరాలకి పూర్తి పేరు లేదు. అవి అమెరికాలో మహా మాంద్యం రోజులు. పని లేదు, తిండి లేదు. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పేద రైతు కుటుంబాల కోసం డైస్ అనే చోట ఓ కాలనీ కట్టింది. 20 ఎకరాల పొలం, ఒక ఇల్లు, ఒక కంచర గాడిద ఇచ్చి, పంట పండించి అప్పు తీర్చమంది. 1935లో క్యాష్ కుటుంబం అక్కడికి చేరింది. అప్పటికి పిల్లాడికి మూడేళ్లు. ఐదేళ్లు వచ్చేసరికి పత్తి చేలో దిగాడు. ఇంటిల్లిపాదీ పాటలు పాడుకుంటూ పత్తి ఏరేవాళ్లు. 1937లో మిసిసిపీ వరద వచ్చి కుటుంబం ఇల్లు వదిలి పారిపోవాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత అదే వరద మీద పాట రాసి హిట్ కొట్టాడు. అతని పాటల్లో ఇలాంటివి చాలానే ఉన్నాయి.

1944 మే నెలలో ఆ ఇంటి మీద పిడుగు పడింది. జానీ కంటే రెండేళ్లు పెద్ద అయిన అన్న జాక్, పెద్దయ్యాక పాస్టర్ అవుదామనుకున్న కుర్రాడు. తమ్ముడికి వాడంటే ప్రాణం. ఓ శనివారం జాక్ స్కూల్ వర్క్‌షాప్‌లో కంచె గుంజలు కోసే పనికి వెళ్లాడు. కూలి మూడు డాలర్లు. ఆ డబ్బులు ఇంట్లో అవసరం. జానీ మాత్రం చేపలు పట్టడానికి పోయాడు. తనతో రమ్మని అన్నని బతిమాలాడు కూడా. వాడు రాలేదు. రంపం మిషన్ జాక్ పొట్టని కోసేసింది. వారం రోజులు ప్రాణాలతో పోరాడి చనిపోయాడు. అప్పటికి జానీకి 12 ఏళ్లు.

ఆ రోజు తను చేపలకి వెళ్లడం, అన్న పనికి వెళ్లడం.. ఈ లెక్క అతను జీవితాంతం మర్చిపోలేదు. తప్పు చేశానన్న భావం, శిక్ష పడాల్సింది నాకే అన్న భావం అతని పాటల్లో అంతలా ఎందుకుంటుందో ఇక్కడే కొంత అర్థమవుతుంది.

కొన్నాళ్లకి గొంతు మారింది. అమ్మ క్యారీ బట్టలు ఉతికి సంపాదించిన డబ్బుతో సంగీతం క్లాసులు పెట్టించింది. మూడో క్లాసుకే టీచర్ చేతులెత్తేసింది. నేర్పడానికేం లేదు, ఈ గొంతుని ఎవరి చేతా మార్పించుకోవద్దని చెప్పి పంపించేసింది.

సినిమా చూసి పాట రాశాడు

1950లో ఎయిర్‌ఫోర్స్‌లో చేరాడు. అక్షరాలు పేరు కింద కుదరవంటే జాన్ అని రాయించుకున్నాడు. పశ్చిమ జర్మనీలోని లాండ్స్‌బెర్గ్‌లో డ్యూటీ. సోవియట్ సైన్యం పంపే మోర్స్ కోడ్ సిగ్నల్స్ విని రాసుకోవడం పని. అక్కడే కొద్దిపాటి డబ్బుతో గిటార్ కొన్నాడు. అక్కడే ఫోల్సమ్ జైలు మీద తీసిన ఓ హాలీవుడ్ సినిమా చూశాడు. అది చూశాక 'ఫోల్సమ్ ప్రిజన్ బ్లూస్' పాట పుట్టింది. అంటే జైలు మీద వచ్చిన పాటల్లో అంత పేరున్న పాటని రాసినవాడు, అప్పటికి జైలు చూసింది తెర మీదే. ఇంకో విషయం కూడా చెప్పుకోవాలి. ఆ పాట బాణీ, కొన్ని మాటలు గోర్డన్ జెంకిన్స్ అనే సంగీత దర్శకుడి పాత పాటలోంచి తీసుకున్నవి. తర్వాత ఆ గొడవ డబ్బులిచ్చి సెటిల్ చేసుకోవాల్సి వచ్చింది.

1954లో ఇంటికొచ్చి వివియన్ లిబర్టోని పెళ్లి చేసుకున్నాడు. మెంఫిస్‌లో ఇంటింటికీ తిరిగి సామాన్లు అమ్మే ఉద్యోగం. అమ్మడం చేతకాలేదు. సాయంత్రాలు ఇద్దరు కార్ మెకానిక్‌లతో కలిసి ప్రాక్టీస్ చేసేవాడు. ఒకరు లూథర్ పెర్కిన్స్, ఇంకొకరు మార్షల్ గ్రాంట్. ఇద్దరికీ పెద్దగా వాయించడం రాదు. వచ్చినంతలో వాయిస్తే రైలు పరుగెడుతున్నట్టు ఓ చప్పుడు వచ్చింది. డ్రమ్ము లేదు, గిటార్ తీగల మధ్య కాగితం దూర్చి ఆ లోటు తీర్చారు. చేతకానితనంలోంచి పుట్టిన ఆ చప్పుడే తర్వాత జానీ క్యాష్ ట్రేడ్‌మార్క్ అయింది.

ఎల్విస్ ప్రెస్లీని పరిచయం చేసిన సన్ రికార్డ్స్ యజమాని శామ్ ఫిలిప్స్ దగ్గరికి భక్తి పాటలు పట్టుకెళ్లాడు. అవి అమ్ముడుపోవన్నాడు ఫిలిప్స్. 1955లో మొదటి రికార్డు వచ్చింది. 1956లో వచ్చిన 'ఐ వాక్ ద లైన్' కంట్రీ చార్టుల్లో నంబర్ వన్. భార్యకి నమ్మకంగా ఉంటానని మాటిచ్చే పాట అది. ఆ మాట నిలబడలేదు.

మాత్రలు, మంటలు, ఎల్ పాసో

ఏడాదంతా టూర్లే. నిద్ర ఆపడానికి హుషారు మాత్రలు, తర్వాత నిద్రపోవడానికి ఇంకో మాత్రలు. 1958లో కొలంబియా రికార్డ్స్‌కి మారాడు, డబ్బు పెరిగింది, మాత్రలూ పెరిగాయి. 1961లో 'ఫైవ్ మినిట్స్ టు లివ్' అనే సినిమాలో విలన్‌గా చేశాడు. బ్యాంకు దోపిడీ కోసం మేనేజర్ భార్యని బందీగా పట్టుకునే పాత్ర. చూస్తే నటన కంటే అతని అలసటే ఎక్కువ కనిపిస్తుంది. పోనివ్వండి, ఆ సినిమా గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

1963లో 'రింగ్ ఆఫ్ ఫైర్' దేశాన్ని ఊపేసింది. ఆ పాట రాసింది మెర్ల్ కిల్గోర్‌తో కలిసి జూన్ కార్టర్. కంట్రీ మ్యూజిక్‌కి పునాది వేసిన కార్టర్ ఫ్యామిలీ ఆడపడుచు. చిన్నప్పుడు జానీ రేడియోలో విన్న కుటుంబం అది. ఇద్దరికీ అప్పటికే వేర్వేరు పెళ్లిళ్లయ్యాయి. కలిసి టూర్లు తిరుగుతున్నారు. మిగతాది ఊహించుకోవచ్చు.

1964లో ఓ పెద్ద గొడవ. అమెరికా ఆదివాసీలకి జరిగిన అన్యాయాల మీద 'బిట్టర్ టియర్స్' అని పూర్తి ఆల్బమ్ చేశాడు. రేడియో స్టేషన్లు వేయలేదు. జానీ తన డబ్బుతో బిల్‌బోర్డ్ పత్రికలో ఫుల్ పేజీ ప్రకటన వేయించి, మీకు ధైర్యం లేదా అని స్టేషన్లని నిలదీశాడు. స్టార్ అయ్యాక రేడియోవాళ్లతో గొడవ పెట్టుకోవడం మామూలు విషయం కాదు.

1965 అయితే పీడకలే. అతని వాహనం నుంచి నిప్పంటుకుని కాలిఫోర్నియాలో 500 ఎకరాలకి పైగా అడవి తగలబడింది. ప్రభుత్వం కేసు వేసింది, పరిహారం కట్టాడు. మిసిసిపీలో ఓ రాత్రి పూలు కోస్తుంటే పట్టుకుని లాకప్‌లో వేశారు. గ్రాండ్ ఓల్ ఓప్రీ స్టేజీ మీద ముందు వరుస లైట్లన్నీ పగలగొట్టాడు. అక్టోబర్‌లో ఎల్ పాసోలో పోలీసులు ఆపి గిటార్ కేస్ వెతికితే మెక్సికో నుంచి తెచ్చిన వెయ్యికి పైగా మాత్రలు దొరికాయి. జరిమానా పడింది. 30 రోజుల శిక్ష వేసి, అమలు చేయకుండా వదిలేశారు.

ఆ కేసులో కోర్టుకి వచ్చిన వివియన్ ఫొటో పేపర్లలో పడింది. ఫొటోలో ఆమె నల్లగా కనిపించిందని శ్వేతజాతి దురహంకార గ్రూపులు విషం కక్కాయి. నల్లజాతి అమ్మాయిని చేసుకున్నాడంటూ కరపత్రాలు పంచారు, కచేరీలు బహిష్కరించమన్నారు, బెదిరింపులు వచ్చాయి. ఇంట్లో నలుగురు చిన్నపిల్లలతో ఉన్నది ఆమె. ఈ కథలో ఎక్కువ నష్టపోయింది వివియనే. సినిమాల్లో మాత్రం ఆమెకి దక్కింది తక్కువే. 1966లో విడాకులకి దరఖాస్తు చేసింది.

ఫోల్సమ్ గోడల లోపల

జైళ్లలో పాడటం జానీకి 1968లో కొత్త కాదు. 1957లోనే టెక్సాస్‌లోని హంట్స్‌విల్ జైల్లో పాడాడు. శాన్ క్వెంటిన్‌లో పాడిన ఓ షోకి ప్రేక్షకుల్లో మెర్ల్ హ్యాగర్డ్ అనే కుర్ర ఖైదీ కూర్చున్నాడు. బయటికొచ్చి అతనూ కంట్రీ మ్యూజిక్‌లో పెద్ద స్టార్ అయ్యాడు. ఖైదీల నుంచి జానీకి ఉత్తరాలు వచ్చేవి. జైల్లోనే ఆల్బమ్ రికార్డు చేస్తానని కంపెనీని ఎన్నాళ్లుగానో అడుగుతున్నా ఎవరూ వినలేదు. బాబ్ జాన్‌స్టన్ అనే కొత్త ప్రొడ్యూసర్ వచ్చాక సరేనన్నాడు.

1968 జనవరి 13. ఉదయం ఒక షో, మధ్యాహ్నం ఒక షో. భోజనశాలే హాలు. తుపాకులతో గార్డులు పైన నడుస్తున్నారు. సుమారు వెయ్యి మంది ఖైదీలు. ఉరికంబం దగ్గర నిమిషాలు లెక్కపెట్టే పాట పాడాడు, పారిపోయే పాటలు పాడాడు, వాళ్లని నవ్వించే పాటలూ పాడాడు. నీతులు చెప్పలేదు. ఆల్బమ్‌లో ఒక దగ్గర హత్య మాట వినగానే ఖైదీలు కేకలు పెట్టినట్టు వినిపిస్తుంది కదా.. అది తర్వాత స్టూడియోలో కలిపిన శబ్దం. నిజానికి గార్డుల ముందు అలాంటి మాటకి కేక వేస్తే ఏమవుతుందో ఖైదీలకి బాగా తెలుసు. వాళ్లు చాలా జాగ్రత్తగా విన్నారు.

ఆ ముందు రాత్రే ఓ పాస్టర్ జానీకి ఒక టేపు ఇచ్చాడు. ఫోల్సమ్‌లో దోపిడీ కేసులో ఉన్న గ్లెన్ షెర్లీ అనే ఖైదీ, జైల్లోని చర్చి మీద రాసి పాడిన పాట. జానీ రాత్రికి రాత్రే నేర్చుకున్నాడు. మర్నాడు షో చివర్లో, ముందు వరుసలో కూర్చున్న షెర్లీ పేరు చెప్పి ఆ పాట పాడాడు. షెర్లీకి ముందే తెలియదు. ఆ క్షణం ఆ మనిషి మొహం ఎలా ఉండి ఉంటుంది!

ఆల్బమ్ మే నెలలో వచ్చి కంట్రీ చార్టుల్లో నంబర్ వన్ అయింది. పదమూడేళ్ల నాటి పాత పాటకే గ్రామీ వచ్చింది. అప్పటిదాకా పని అయిపోయిందనుకున్న సింగర్ మళ్లీ పైకి లేచాడు. ఫిబ్రవరిలో కెనడాలో స్టేజీ మీదే జూన్‌ని పెళ్లి చేసుకోమని అడిగాడు, మార్చి 1న పెళ్లి. మాత్రలు మానేయడం వెనక జూన్, ఆమె అమ్మానాన్నల కాపలా ఉంది. ఒక గుహలోకి చావడానికి వెళ్లి దేవుడి దయతో బయటపడ్డానని జానీ తన ఆత్మకథలో రాసుకున్నాడు కానీ, ఆ రోజుల్లో ఆ గుహ నీళ్లతో నిండి ఉందని జీవితచరిత్ర రాసినవాళ్లు తేల్చారు. కథలు చెప్పడంలో మనిషి దిట్ట మరి.

1969 ఫిబ్రవరిలో శాన్ క్వెంటిన్. బ్రిటన్ టీవీ కెమెరాలు కూడా వచ్చాయి. ఆ జైలుని తిడుతూ రాసిన పాట పాడితే ఖైదీలు బల్లలెక్కారు, మళ్లీ పాడమన్నారు, రెండోసారి పాడాడు. ఇంకాస్త రెచ్చగొడితే ఏమయ్యేదో చెప్పలేం. షెల్ సిల్వర్‌స్టీన్ రాసిన 'ఎ బాయ్ నేమ్డ్ స్యూ'ని కాగితం చూసి చదువుతూ పాడేశాడు, బ్యాండ్‌కి బాణీ కూడా సరిగా తెలియదు. అదే పాప్ చార్టులో రెండో స్థానానికి వెళ్లింది.

వైట్‌హౌస్‌లో వద్దన్న పాటలు

1969 నుంచి 1971 దాకా ఏబీసీ చానల్లో అతని పేరు మీదే షో. నాష్‌విల్‌లోని రైమన్ ఆడిటోరియంలో షూటింగ్. మొదటి ఎపిసోడ్‌లోనే బాబ్ డిలన్. బ్లాక్‌లిస్ట్‌లో ఉండి టీవీలో దాదాపు కనిపించకుండా పోయిన పీట్ సీగర్‌నీ పిలిచాడు. క్రిస్ క్రిస్టోఫర్‌సన్ రాసిన పాటలో మత్తు మాటని మార్చమంటే వినకుండా ఉన్నది ఉన్నట్టే పాడాడు. 1970 ఏప్రిల్‌లో అధ్యక్షుడు నిక్సన్ వైట్‌హౌస్‌కి పిలిచి ఫలానా పాటలు పాడమని అడిగారు. అందులో ఒకటి ప్రభుత్వ సాయం తీసుకునే పేదల్ని ఎగతాళి చేసే పాట. జానీ అది పాడలేదు. ప్రభుత్వం ఇచ్చిన ఇంట్లో పెరిగినవాడు ఆ పాట ఎలా పాడతాడు? యువత ప్రశ్నల మీద తను రాసిన పాట పాడి వచ్చాడు.

నటన కూడా సాగింది. 1971లో కిర్క్ డగ్లస్‌తో 'ఎ గన్‌ఫైట్'. ఆ సినిమాకి పెట్టుబడి పెట్టింది జికరిల్లా అపాచీ తెగ కావడం విశేషం. 1974లో 'కొలంబో' సీరియల్లో భార్యని చంపే భక్తి గాయకుడి పాత్ర. అతని నటనలో ఇదే బెస్ట్ అనొచ్చు. దొరికిపోయాక హాయిగా ఊపిరి పీల్చుకునే నేరస్థుడిగా భలే చేశాడు. 1981లో ఓ టీవీ సినిమాలో పెద్దయ్యాక చదవడం నేర్చుకునే గని కార్మికుడిగా కనిపించాడు.

షెర్లీ ఏమయ్యాడు?

ఇక్కడ చాలా వీడియోలు ఆగిపోతాయి. పాట పాడాడు, ఖైదీ జీవితం మారిపోయింది, చప్పట్లు. అసలు కథ అది కాదు.

షెర్లీ విడుదల కోసం జానీ గట్టిగా ప్రయత్నించాడు. 1971లో బయటికొచ్చే రోజు గేటు దగ్గరికి స్వయంగా వెళ్లాడు. తన కంపెనీలో పని ఇచ్చాడు, టూర్లలో స్టేజీ ఎక్కించాడు. 1972 జులైలో ఇద్దరూ కలిసి వాషింగ్టన్‌లో సెనేట్ సబ్‌కమిటీ ముందు కూర్చున్నారు. చిన్న తప్పుతో మొదటిసారి లోపలికి వెళ్లిన కుర్రాళ్లని కరుడుగట్టిన నేరస్థులతో కలిపి పెట్టొద్దని, ఖైదీని బాగుచేసి బయటికి పంపాలని జానీ వాదించాడు. పక్కనే సాక్ష్యంలా షెర్లీ.

కానీ ఏళ్ల తరబడి జైల్లో ఉన్న మనిషికి బయటి ప్రపంచం అంతుపట్టలేదు. పొద్దున లేచే టైమ్, బస్సెక్కే టైమ్, జనం, వెలుగు.. ఏదీ కుదరలేదు. ఒక రోజు బ్యాండ్‌లోని మార్షల్ గ్రాంట్‌తో, నిన్ను పొడిచి చంపాలనిపిస్తోంది అన్నట్టుగా మాట్లాడాడు. గ్రాంట్ వెళ్లి జానీకి చెప్పాడు. బ్యాండ్‌లో భార్య ఉంది, అత్తమామల కుటుంబం ఉంది, చిన్న కొడుకు ఉన్నాడు. జానీ అతన్ని పంపించేయక తప్పలేదు. షెర్లీ కాలిఫోర్నియా వెళ్లిపోయి పశువుల ఫామ్‌లో పనిచేశాడు. 1978లో ఆత్మహత్య చేసుకున్నాడు.

జానీ మోసం చేశాడా? లేదు. సరిపడా చేశాడా? ఒక స్టార్ గేటు దగ్గరికి వచ్చి నిలబడితే సరిపోదు, గేటు దాటాక పట్టుకునే వ్యవస్థ కావాలి. సెనేట్‌లో అతను అడిగిందీ దాదాపు అదే. ఆ వ్యవస్థ రాలేదు. ఆ తర్వాత జైలు కచేరీలు మెల్లగా తగ్గిపోయాయి.

నిప్పుకోడి తన్నింది, కంపెనీ వదిలేసింది

1980లలో కష్టాలు మళ్లీ వరస కట్టాయి. 1981లో ఇంట్లో పెంచుకునే నిప్పుకోడి తంతే పక్కటెముకలు విరిగాయి. వినడానికి జోకులా ఉంటుంది కానీ, ఆ నొప్పికి వేసుకున్న మాత్రలతో పాత అలవాటు తిరిగొచ్చింది. 1983 చివర్లో బెట్టీ ఫోర్డ్ సెంటర్‌లో చేరాల్సి వచ్చింది. 1985లో విల్లీ నెల్సన్, వేలాన్ జెన్నింగ్స్, క్రిస్టోఫర్‌సన్‌లతో కలిసి 'హైవేమెన్'గా ఓ హిట్. అయినా మరుసటి ఏడాదే కొలంబియా కంపెనీ, దాదాపు 28 ఏళ్ల బంధాన్ని తెంపేసింది.

అలాంటి టైమ్‌లో ర్యాప్, మెటల్ ఆల్బమ్‌లు చేసే రిక్ రూబిన్ వచ్చాడు. పొడుగు గడ్డం, వయసులో సగం. బ్యాండ్ వద్దు, ఒక గిటార్‌తో నీకు నచ్చినవి పాడు అన్నాడు. రూబిన్ ఇంటి హాల్లోనే చాలావరకు రికార్డింగ్. 1994లో వచ్చిన 'అమెరికన్ రికార్డింగ్స్'కి గ్రామీ వచ్చింది. కాలేజీ కుర్రాళ్లు ముసలాయన పాటల కోసం లైన్ కట్టారు.

2002లో 'హర్ట్'. నైన్ ఇంచ్ నెయిల్స్ బ్యాండ్‌కి చెందిన ట్రెంట్ రెజ్నర్ రాసిన పాట. 'లోగన్' ట్రైలర్‌లో వినిపించేది ఇదే. మార్క్ రోమనెక్ తీసిన వీడియోలో, మూతపడి పాడైపోయిన తన సొంత మ్యూజియంలో జానీ కూర్చుంటాడు. డయాబెటిస్, నరాల జబ్బుతో చేతులు వణుకుతుంటాయి. మెట్ల మీద నిలబడి జూన్ అతన్ని చూస్తుంటుంది. ఆ చూపు కోసమైనా ఆ వీడియో ఒకసారి చూడాలి. ఎందుకంటే 2003 మే 15న ఆమే ముందు వెళ్లిపోయింది.

తర్వాత నాలుగు నెలలు జానీ ఆగకుండా రికార్డింగ్ చేశాడు. చూపు మందగించింది, వీల్‌చెయిర్, అయినా గొంతు సహకరించిన రోజల్లా పాడాడు. 2003 సెప్టెంబర్ 12న నాష్‌విల్‌లో కన్నుమూశాడు. వయసు 71. హెండర్సన్‌విల్‌లో జూన్ పక్కనే సమాధి. 2005లో వచ్చిన 'వాక్ ద లైన్' సినిమాలో జూన్ పాత్రకి రీస్ విదర్‌స్పూన్ ఆస్కార్ అందుకుంది. 2024 సెప్టెంబర్‌లో అర్కాన్సా రాష్ట్రం తరఫున అమెరికా పార్లమెంట్ భవనంలో జానీ విగ్రహం పెట్టారు. అక్కడ విగ్రహం దక్కిన మొదటి సంగీతకారుడు అతనే.

ఆ చివరి నెలల్లో పాడిన పాటల్లో కొన్ని 2006లో ఆల్బమ్‌గా వచ్చాయి. అది బిల్‌బోర్డ్ 200లో నేరుగా మొదటి స్థానంలో దిగింది. ఆ చార్టులో జానీ క్యాష్‌కి నంబర్ వన్ రావడం 37 ఏళ్లలో అదే మొదటిసారి. దానికి ముందు వచ్చింది 1969లో, శాన్ క్వెంటిన్ ఖైదీల మధ్య రికార్డు చేసిన ఆల్బమ్‌కి.